వంగని మణికట్టు

"డాక్టరుగారూ, పన్నెండేళ్ల కింద మీరు కోసింది నా చెయ్యి. ఇప్పుడు వంగకుండా పోయింది మా అమ్మాయి చెయ్యి. ఇదేం విడ్డూరమో మీరే చెప్పాలి!"

రంగుల మేస్త్రీ గదిలోకి వస్తూనే అందుకున్నాడు. వెనకాల కూతురు జుట్టు మీద రంగు చుక్కలతో బిక్కమొహం వేసుకుని నిలబడింది. పని మధ్యలోంచి లాక్కొచ్చాడు. ఎందుకని అడిగితే "నోరు మూసుకుని పద" అన్నాడు.

డాక్టరు పాత కాగితాలు తిరగేశాడు. "కుడి మణికట్టు. కీలు అరిగిపోయి గ్లాసు కూడా పట్టుకోలేకపోయేవాడివి. ప్లేటు వేసి ఎముకలు కలిపేశాం. ఇప్పుడు నొప్పి ఉందా?"

"లేదు."

"పట్టు?"

"నిండు బకెట్టు ఎత్తుతాను. కానీ అదో చెయ్యా? రోకలి! వంచే దారి లేక భుజం మొత్తం ఊపుకుంటూ రంగేస్తున్నాను. పైకప్పు అంచున గీత టేపు అంటించకుండా నీలా ఇంకెవడూ లాగలేడంటారు జనం. వాళ్లకేం, చూసి పోతారు. సరే, నా ఖర్మ. ఇది నా దగ్గర పనిలో చేరి మూడేళ్లే. నిన్న నిచ్చెన కింద నిలబడి చూశాను. మణికట్టు అచ్చం నాలాగే బిగుసుకుపోయింది. ఇరవై రెండేళ్ల పిల్లండీ!"

"నాన్నా, అదీ..."

"నువ్వుండవే!"

డాక్టరు ఆమె చెయ్యి పట్టుకుని పైకి వంచాడు, కిందికి వంచాడు. తీగలా వంగింది. ఎక్స్‌రే తీయించాడు. ఎముకలు నిక్షేపంగా ఉన్నాయి.

"వంగుతోంది కదయ్యా!"

"ఇక్కడ వంగుతుందండీ, పనిలో వంగదు." మేస్త్రీ సంచిలోంచి పొడి బ్రష్షు తీసి కూతురి చేతిలో పెట్టాడు. "ఏదీ, ఆ గోడ మీద లాగు."

ఆమె లాగింది. భుజం కదిలింది, మోచెయ్యి కదిలింది. మణికట్టు మాత్రం ఇనప కడ్డీలా నిలిచిపోయింది.

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఇంకోసారి లాగమ్మా." మళ్లీ అంతే.

"నొప్పా?"

"లేదండీ."

"తిమ్మిరా?"

"లేదండీ."

"మరి నా చేతికి పట్టిన రోగమే కదండీ ఇదీ?" మేస్త్రీ కుర్చీలో కూలబడ్డాడు. "దాచకుండా చెప్పండి. దీనికీ కొయ్యాలా?"

డాక్టరు ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మా, బ్రష్షు పట్టుకుంటే ఎందుకు వంచట్లేదు?"

ఆమె ఇద్దరినీ అయోమయంగా చూసింది.

"వంచకూడదు కదండీ? నాన్న గీతలో ఉన్న కిటుకే అది. నాకు పట్టుబడక మూడు నెలలు మణికట్టుకి చెక్క స్కేలు కట్టుకుని మరీ నేర్చుకున్నాను."