కాచుకునేవాడు

"ఆ డబ్బు రిసీవర్‌కి ఇస్తే మనం మునిగిపోతాం," అంది కృతి.

జనరల్ మేనేజర్ హాలండ్ చేతిలోని కాగితాలు బల్లమీద పడేశాడు. అతని ముందు అంత సూటిగా మాట్లాడే అలవాటు ఆ ఆఫీసులో ఎవరికీ లేదు. కృతి చేరి రెండేళ్లు కూడా కాలేదు. డల్లాస్ పక్కన కాపెల్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. ఆ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో ఆటగాళ్ల జీతాల లెక్కలు చూడటం ఆమె పని. ఏ టీమైనా జీతాలకు ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని లీగ్ పెట్టిన హద్దును అందరూ క్యాప్ అంటారు. 2013 సెప్టెంబరులో, మొదటి మ్యాచ్ రెండు రోజులుందనగా, ఆ హద్దుకు ఇవతల ఇంకొక్క ఆటగాడికి చోటు మిగిలింది. ఆ ఒక్కడూ ఎవరన్నదే పొద్దుటినుంచీ గొడవ. సాయంత్రంలోగా కాగితాలు లీగ్‌కి చేరాలి.

"మునిగేది నువ్వు కాదు, నేను," అన్నాడు హాలండ్. "జనం టికెట్ కొనేది గాల్లోకి ఎగిరి బంతి పట్టుకునే రిసీవర్‌ని చూడటానికి. నువ్వేమో డాకరీ అంటున్నావు. వయసైపోయినవాడు. మొన్న మార్చిలో మనమే వదిలేశాం."

"వదిలేసి తప్పు చేశాం. అతను పోయాక ప్రాక్టీస్ మ్యాచుల్లో మన క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరినదానికంటే తను నేలమీద పడిందే ఎక్కువ. ముందు నిలబడి, తల అడ్డం పెట్టి దెబ్బ కాచుకునే మనిషి లేకపోతే ఆ కుర్రాడి భుజం విరుగుతుంది. విసిరేవాడే లేకపోతే మీ రిసీవర్ ఎగిరి ఏం పట్టుకుంటాడు?"

హాలండ్ నవ్వలేదు. "మోకాళ్లు?"

"మోకాళ్లు, భుజాలు, నడుము అన్నీ మన డాక్టర్ చూశాడు. ఆడొచ్చన్నాడు."

"రెండో వారానికే కూలబడితే?"

"నా పేరు చెప్పండి."

"చెప్పకుండా ఎలా ఉంటాను?" అని లేచి, ఓనర్‌తో మాట్లాడటానికి పై అంతస్తుకు వెళ్లాడు.

కృతికి కాలు ఒకచోట నిలవలేదు. వరండాలో ఆ చివరకూ ఈ చివరకూ తిరిగింది. కాఫీ పోసుకుంది. దాన్ని ఎక్కడో పెట్టి మరిచిపోయి మళ్లీ పోసుకుంది. తను చెప్పినదంతా లెక్కల మీద చెప్పిందా, లేక చిన్నప్పుడు టీవీ ముందు సోఫాలో నాన్న పక్కన కూర్చుని అందరూ బంతిని చూస్తుంటే తనొక్కతే ప్రతిసారీ తలతో ఢీకొట్టే డాకరీని చూసినందుకు చెప్పిందా? ఆ ఆలోచన రాగానే లోపలికి పరుగెత్తి లెక్కలు మళ్లీ మొదటినుంచీ చూసుకుంది. లెక్కలు సరిగ్గానే ఉన్నాయి.

ఫోన్ మోగింది. హాలండేమోనని గబుక్కున ఎత్తింది. కాపెల్ నుంచి తండ్రి గోపాల్.

"ఏమ్మా, రిసీవర్‌ని సైన్ చేస్తున్నారా? ఇక్కడ మా ఫ్రెండ్స్ అందరూ అదే టాక్."

"డాడీ, ఆఫీస్ మ్యాటర్స్ అడగొద్దు అని చెప్పాను కదా."

"నువ్వేం చెప్పొద్దులే. ఆ ఎగిరే అబ్బాయిని మిస్ చేసుకోవద్దని మీ బాస్‌కి నా మాటగా చెప్పు. లంచ్ చేశావా?"

"చేస్తా."

"గొంతేంటి అలా ఉంది? జాబ్‌కి ప్రాబ్లమ్ ఏం లేదు కదా?"

"ఇప్పటికి లేదు. బై డాడీ."

ఫోన్ పెట్టేసరికి హాలండ్ గుమ్మంలో ఉన్నాడు. మొహం చూస్తే ఏమీ తెలియడం లేదు.

"డాకరీని పిలిపించు," అన్నాడు. "ఓనర్ ఒప్పుకున్నాడు. నేను ఒప్పుకున్నానని మాత్రం అనుకోకు."

గంటలో డాకరీ వచ్చాడు. భార్య కారులో తెచ్చి దింపింది. మనిషి గుమ్మం నిండా ఉన్నాడు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు కౌగిలించుకున్నారట, చొక్కా భుజం దగ్గర నలిగిపోయి ఉంది. కుర్చీ లాక్కుని కృతి ఎదురుగా కూర్చున్నాడు.

"నా కోసం బాగా కొట్లాడావట," అన్నాడు.

"మీ కోసం కాదు. టీమ్ కోసం."

"నాకు రెండూ ఒకటే." ఆ గొంతులో మెత్తదనానికి కృతికి కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. "ఈ ఎండాకాలమంతా ఇంట్లో కూర్చోలేక చచ్చాను. నాకు వచ్చింది ఈ పనొక్కటే."

ఆమె చూపించిన చోటల్లా నిదానంగా సంతకాలు పెట్టాడు. చివరి పేజీలో పెట్టాక పెన్ను బల్లమీద ఉంచి, రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు. కృతి కాగితాలు స్కాన్ చేసి లీగ్ ఆఫీసుకి పంపింది. అందినట్టు జవాబు వచ్చేదాకా తెర మీదినుంచి కళ్లు తిప్పలేదు. జవాబు వచ్చింది. మిగిలిన చోటు నిండిపోయింది. ఇక ఎవరూ మార్చలేరు. పొద్దుటినుంచీ మొదటిసారి ఆమె గుండెనిండా ఊపిరి పీల్చుకుంది.

డాకరీ కిటికీ దగ్గర నిలబడి, కింద మైదానంలో కుర్రాళ్ల ప్రాక్టీస్ చూస్తున్నాడు. కాసేపటికి ఇటు తిరిగి, వచ్చి అదే కుర్చీలో కూర్చుని, తను సంతకాలు పెట్టిన కాగితాల పక్కనున్న పెన్ను తీసుకున్నాడు.

"ఏమీ అనుకోకు, ఇంతసేపు నిన్ను కూర్చోబెట్టేశాను," అన్నాడు నవ్వుతూ. "ఇంతకీ, సంతకం ఎక్కడ పెట్టాలి?"