గడప దగ్గరి రెక్క

మద్దిచెట్టు తొర్రలో తేనెటీగల పట్టు ఒకటుండేది. అక్కడ పుట్టిన ఏ ఈగైనా తొలిసారి ఎగిరే ముందు, గడప దగ్గర మైనంతో అతికించిన ఒక ఎండు రెక్కను వాసన చూసి తీరాలి. అది ఎప్పుడో చచ్చిన కందిరీగ రెక్క.

మోదుగ అనే కొత్త ఈగకు ఆ ఆచారమంటే ఒళ్ళుమంట. "చచ్చిన రెక్క మనల్నేం చేస్తుందక్కా?" అంది.

"ముందు వాసన చూడు. తర్వాత నోరు చేసుకుందువుగాని," అంది గడప కాసే ఈగ తంగేడు.

మోదుగ మొహం చిట్లించుకుంటూనే చూసింది.

కొన్నాళ్ళకు తంగేడు తేనె కోసం బయటికి వెళ్ళిన వేళ మోదుగే గడప కాస్తోంది. ఒళ్ళంతా తేనె పూసుకుని ఒక ఈగ వచ్చి వాలింది. "వానకు దారి తప్పానమ్మా. నేనూ మీ పట్టుదాన్నే," అంది. తేనె వాసన గుప్పుమంది. దాని అడుగున మాత్రం ఎండు రెక్క వాసన!

"కందిరీగ!" అని మోదుగ కేక వేసింది. ఈగలన్నీ వచ్చి దాన్ని ముద్దలా కమ్ముకుని, ఒళ్ళు వణికిస్తూ వేడి పుట్టించాయి. తొర్ర కుంపటిలా కాగింది.

"పిల్లలు మాడిపోతున్నారు, ఆపండే!" అని లోపలి దాదులు మొత్తుకున్నారు.

"ఈ సెగ మనకు ఒక్క పూట. దానికిదే ఆఖరి పూట. ఆపొద్దు!" అంది మోదుగ.

ఆ సెగకు కందిరీగ చచ్చింది. తొర్ర చల్లారింది. తంగేడు తిరిగొచ్చి, కొత్త రెక్కను పాతదాని పక్కన అతికించింది.

మర్నాడు ఒక పసి ఈగ మూతి తిప్పింది. "ఛీ! చచ్చిన రెక్క మనల్నేం చేస్తుంది?"

"ఏమీ చెయ్యదు," అంది మోదుగ. "అందుకే దీని దగ్గర నేర్చుకో. బతికున్నదైతే నువ్వు నేర్చుకునేదాకా ఆగదు."