ఒక్క జపం వచ్చిన మనిషి

మిట్టమధ్యాహ్నం దడి అవతల ఎవరో నిలబడ్డారు.

మిరపకాయల తొడిమలు తీస్తున్న మార్తమ్మ తలెత్తింది.

కనురెప్పల దాకా తెల్లటి రాతిదుమ్ము. చెప్పుల్లేని కాళ్ళు. రెంటచింతల ఎండలో అతనొక్కడే చలి పుట్టినట్టు వణుకుతున్నాడు.

"ఎవరయ్యా నువ్వు?"

"చిన్నప్ప పంపాడు వదినా. పాపకు మనస్తాప జపం నేర్పమన్నాడు."

మార్తమ్మ ప్రాణం కుదుటపడింది. చిన్నప్ప ఆమె భర్త. మాచర్ల అవతల రాళ్ళ క్వారీలో పని.

గుడి పూజలో ఇచ్చే ప్రభువు అప్పం, అదే సత్ప్రసాదం, మొదటిసారి తీసుకునే పిల్లలకు జపాలన్నీ ఉపదేశి యోబు నేర్పాడు. చేసిన తప్పులు ఫాదరు ముందు ఒప్పుకునే పాపసంకీర్తనంలో చెప్పే మనస్తాప జపం మాత్రం ఇంట్లో తల్లో తండ్రో నేర్పాలని ఫాదరు గారి ఆజ్ఞ. శనివారం పరీక్ష. అప్పజెప్పలేని పిల్లలకు ఈ ఏడు సత్ప్రసాదం లేదు.

మార్తమ్మకు ఆ జపం సగమే వచ్చు. నేనొచ్చి నేర్పుతానని చెప్పి వెళ్ళాడు చిన్నప్ప.

"ఆయనెప్పుడొస్తాడంట?"

అతను దడి వైపు తిరిగి జపం మొదలుపెట్టాడు.

మార్తమ్మ చేతిలో చేట జారిపోయింది.

ఆ గొంతు అచ్చం చిన్నప్పదే. ఊపిరి అందనట్టు మాటమాటకీ ఆగుతోంది.

తొమ్మిదేళ్ళ కూతురు లూర్దమ్మ మాత్రం నవ్వుతూ వెంట పలికింది.

నాలుగు రోజులు అదే వేళకు వచ్చాడు. గడప తొక్కడు. అన్నం పెడితే ముట్టడు. నీళ్ళిస్తే చెంబు వంక చూస్తూ కూర్చుంటాడు.

నాలుగో రోజు లూర్దమ్మ అడిగింది.

"బాబాయ్, పరలోక జపం చెబుతా. తప్పులుంటే దిద్దు."

"అది నాకు రాదమ్మా."

"పోనీ, మంగళవార్త జపం?"

"అదీ రాదు."

పక్కింటి గురవమ్మ విన్నది. మార్తమ్మను చాటుకు లాగింది.

"ఏమే, ముక్కు కారే పిల్లలకు గూడా పరలోక జపం వస్తది. అది పలకలేనిది ఎవరే? దయ్యమే!"

"ఏం మాటలత్తా అయ్యి?"

"మిట్టమధ్యాహ్నమే ఎందుకొస్తాడు? కూడెందుకు తినడు? పిల్లను ఎత్తకపోయిందాకా చూస్తావా?"

మర్నాడు మార్తమ్మ గుడి నుంచి తెచ్చిన తీర్థం అతని ముఖాన కొట్టింది.

"పో! ఎవడివైనా సరే, నా బిడ్డ జోలికి రావద్దు!"

దుమ్ము చారలు చారలుగా కారింది.

"వదినా, ఆఖరి ముక్క ఒక్కటే ఉంది. పాపకు చెప్పి పోతా."

మార్తమ్మ పిల్లను లోపలికి లాక్కుని తలుపేసుకుంది.

తలుపు అవతల నుంచి ఆఖరి ముక్క వినిపించింది, చిన్నప్ప గొంతుతోనే. మూడుసార్లు. తర్వాత అడుగుల చప్పుడు కూడా లేదు.

శనివారం లూర్దమ్మ ఆగి ఆగి, ఆయాసపడుతూ జపమంతా అప్పజెప్పింది. ఒక్క తప్పు లేదు.

ఆదివారం తెల్లగౌను తొడుక్కుని సత్ప్రసాదం తీసుకుంది.

పూజయ్యాక మాచర్ల బస్సు వచ్చింది. చిన్నప్ప దిగలేదు.

"చూశావా యోబన్నా, కూతురి పండక్కి గూడా రాలా. పైగా నా ఇంటిమీదికి దయ్యాన్ని పంపాడు."

ఉపదేశి యోబు తల దించుకున్నాడు.

"ఆ మనిషి మొన్న నా కాడికొచ్చాడమ్మా. పూజ అయిందాకా నీకు చెప్పొద్దని కాళ్ళు పట్టుకున్నాడు. ఇంట్లో ఏడుపు మొదలైతే పాప సత్ప్రసాదం ఆగిద్దని చిన్నప్పే అన్నాడంట."

"ఏడుపేంది యోబన్నా?"

"క్వారీలో రాయి జారింది. ఎనిమిది రోజులైంది. పొద్దుగూకిందాకా రాయి కింద ఆ జపమే చెప్పుకున్నాడంట చిన్నప్ప."

మార్తమ్మ గుడి గోడ పట్టుకుంది.

"మరి... అతనెవరు?"

"క్వారీలో చిన్నప్పతో పనిచేసేవోడు. మన మతమోడు కాదు, పేరు హనుమయ్య. చిన్నప్ప ప్రాణం పోయిందాకా పక్కనే కూర్చుని, ఆ ఒక్క జపాన్నీ ఆయన ఎట్టా చెప్పాడో అట్టానే, ఆయాసంతో సహా నేర్చుకుని నీ గడప దాకా నడిచొచ్చాడు."