ఎర్ర గీత

ప్రింటరు గరగరమని నలభయ్యో రోజు కూడా "ఓకే" కొట్టింది. గురునాథరావు కాలరెగరేశాడు.

"చూశారా ఫ్లోరెన్స్ గారూ? నా ప్రోగ్రాంకి తిరుగులేదండి."

అది ఎనభై నాలుగో సంవత్సరం. విశాఖలో వాళ్ళ కంపెనీ కట్టిన కొత్త క్వార్టర్లు ఇరవై. సర్వీసు ఎక్కువున్న వాళ్ళెవరో కంప్యూటరు తేల్చాలి. పరీక్ష కోసం ఉత్తుత్తి ఉద్యోగుల పేర్లతో, మనిషికొకటి చొప్పున చిల్లులు కొట్టిన రెండొందల అట్ట కార్డులు, పాతవాళ్ళు ముందు, కొత్తవాళ్ళు వెనక, వరసగా పేర్చాడు గురునాథరావు. రోజూ అదే కట్ట మెషీన్లో పెడతాడు. ముందే ఇచ్చిన జవాబుతో మెషీనే పోల్చుకుని ఓకే అంటుంది. చెదిరితే మళ్ళీ పేర్చుకోడానికి కట్ట అంచున ఏటవాలుగా ఎర్ర గీత కూడా గీసుకున్నాడు. సోమవారం అసలు కార్డులొస్తాయి. తప్పు జరిగితే ఇళ్ళ కోసం ఏళ్ళుగా కాచుకున్నవాళ్ళు ఊరుకోరు, అతని ఉద్యోగమూ ఉండదు.

"ఓపాలి కార్డులు కలిపేసి సూద్దామా సార్? సోమవారం వచ్చేవి వరసగా ఉండవు కదా" అంది ఫ్లోరెన్స్. కార్డులు పంచ్ చేసేది ఆమే. ఆరేళ్ళలో ఒక్క కార్డు కింద పడెయ్యలేదని పేరు.

"మీ పని కార్డులు కొట్టడం. నా కట్ట జోలికి రాకండి!"

శనివారం పొద్దున్న కార్డుల ట్రే తెస్తూ ఫ్లోరెన్స్ గుమ్మం తట్టుకుంది. కార్డులన్నీ గదంతా పరుచుకున్నాయి.

"ఎంత పని చేశారండీ! ఎర్ర గీత ఏదీ?"

"పాతవి నలిగిపోనాయని నిన్న కొత్తవి కొట్టీసేను సార్. గీత గియ్యనేదు."

ఆ పూటకి మెషీను వీళ్ళ చేతిలో ఉండేది ఇంకో పది నిమిషాలే. గురునాథరావు విసుక్కుంటూ కార్డులు దొరికినవి దొరికినట్టే పెట్టాడు.

జాబితాలో మొదటి ఇల్లు నెల కిందట చేరిన మనిషికొచ్చింది!

గురునాథరావు గబగబా కాగితాలు లాక్కున్నాడు. ప్రోగ్రాం తిరగేస్తే, సర్వీసు పోల్చే లైన్లే లేవు. ముందొచ్చిన ఇరవై కార్డులకీ ఇళ్ళిచ్చేస్తోంది. పాతవాళ్ళని తనే ముందు పేర్చాడు కాబట్టి ఇన్నాళ్ళూ సరిపోయింది.

అతను ఆ లైన్లు రాస్తూంటే ఫ్లోరెన్స్ వాటిని టకటకా కార్డుల మీద కొట్టింది. మధ్యాహ్నం మేనేజరు భీమశంకరరావు స్వయంగా పేకముక్కల్లా కార్డులు కలిపి ఇచ్చాడు. ఓకే! ఇంకోసారి కలిపాడు. ఓకే!

గురునాథరావు సంతోషం పట్టలేక ఆఫీసంతటికీ జిలేబీలు తెప్పించాడు.

"మీ కాలు తట్టుకోబట్టి బతికిపోయానండి!"

"నాదేటుంది సార్, దేవుడి దయ" అని ఫ్లోరెన్స్ జిలేబీ పట్టుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

కార్డులకి రబ్బరు బ్యాండు కావాలని గురునాథరావు ఆమె సొరుగు లాగాడు.

లోపల ఎర్ర గీత కట్ట, ఒక్క కార్డూ నలక్కుండా ఉంది.