ఎర్ర పేలికలు

"చూడు బాలకృష్ణా, ఈ రోజు ట్రయల్," అంది ఫారెస్టు మేడం ప్రమీలారాణి. "వీళ్ళను సున్నపుగుట్ట కొసదాకా ఎక్కించి, చీకటి పడకముందే దించాలి. దిగాక వాళ్ళు ఈ పుస్తకంలో మంచిగా రాస్తే గైడ్ ఉద్యోగం నీదే. ఒక్క కంప్లయింట్ వచ్చినా ఇంకొకర్ని చూసుకుంటా."

బాలకృష్ణ బుద్ధిగా తలూపాడు. గైడ్ పని గుట్ట కింది ఊళ్ళో ఉండేవాళ్ళకే ఇవ్వాలని రూలు. అది రాకపోతే తల్లాడ వైపు మిర్చి ఏరే కూలికి పోవాలి. పోతే రెండు నెలలు అక్కడే. పెళ్ళయి ఇంకా నెల తిరగలేదు. శ్యామలను వదిలి రెండు పూటలు కూడా ఉండలేడు పాపం.

ఎక్కేది ఐదుగురు. అందరూ ఖమ్మం వాళ్ళే. వాళ్ళకు పెద్ద ఉదయ్ భాస్కర్, టైల్స్ షాపు ఓనరు. ఫోన్లో మ్యాపు, చేతిలో మడత కర్ర, నోట్లో పద్నాలుగు గుట్టలెక్కిన అనుభవం. ఆయన ఐదో గుట్ట కథలోకి రాకముందే వెదురు పొదలు దాటారు. అక్కడ దారి రెండుగా చీలింది.

బాలకృష్ణ ఆగాడు. "సార్, మీరు చానా గుట్టలెక్కినోళ్ళు. మీరైతే ఎటు పోతరు?"

"నాకే పరీక్ష పెడుతున్నవా?" ఉదయ్ భాస్కర్ మురిసిపోయాడు. మ్యాపు చూశాడు. ఎండ చూశాడు. "ఎడమకు," అన్నాడు.

"మస్తు చెప్పిండ్రు సార్. నడువుండ్రి మరి ముందల."

సార్ ముందు నడిచాడు. బాలకృష్ణ వెనక ఆగి, సంచిలోంచి ఎర్ర గుడ్డ పేలిక తీసి కొమ్మకు కట్టాడు.

"ఎందుకన్నా అది?" అడిగింది ఉదయ్ భాస్కర్ కూతురు లిఖిత.

"అందరం సల్లంగ ఇంటికి చేరాలని చెల్లే."

ఆ భక్తికి లిఖిత మనసు కరిగింది. రెండో చీలిక దగ్గర తనే ఒక పేలిక అడిగి తీసుకుని, కట్టి, దండం పెట్టుకుంది. ఆ తర్వాత అందరికీ పేలికలు కావాల్సి వచ్చాయి.

మూడో చీలిక దగ్గర సార్ కుడి అన్నాడు. అరగంట నడిచాక ఆ దారి నేరుగా ఒక గుహ ముందుకు పోయి ఆగిపోయింది. పైకి దారి లేదు. అందరూ గైడ్ మొహంలోకి చూశారు. బాలకృష్ణకు పుస్తకంలో కంప్లయింటు కళ్ళ ముందు కనబడింది. దాని వెనకే మిర్చి తోట.

గుహలోంచి చల్లగాలి వచ్చింది. లోపల కప్పు నుంచి తెల్లటి సున్నపురాయి ఊడలు దిగి ఉన్నాయి.

"గుట్ట దాక వచ్చి గిది చూడకుండ పోతరా సార్?" అన్నాడు.

అంతే, ఫోన్లు బయటికొచ్చాయి. ఇరవై నిమిషాలు ఫొటోలే ఫొటోలు. "ఇది మ్యాపుల కూడా లేదు!" అని ఉదయ్ భాస్కర్ గైడు భుజం తట్టాడు. కుడి అన్నది ఎవరో ఆయనకు గుర్తే లేదు.

వెనక్కి వచ్చి ఎడమ దారి పట్టారు. మధ్యాహ్నం రెండింటికి కొస చేరారు. కింద అడవంతా పచ్చగా పరుచుకుని ఉంది. దూరంగా గోదావరి సన్నగా మెరుస్తోంది. అందరికంటే ఎక్కువసేపు నోరు తెరుచుకుని చూసింది బాలకృష్ణే.

'రోజూ చూసేవాడికి కూడా ఎంత ఇష్టమో!' అనుకుని ముచ్చటపడింది లిఖిత.

దిగే వేళకు మబ్బు పట్టింది. ఉదయ్ భాస్కర్ ఫోను చార్జింగ్ అయిపోయింది. మ్యాపు పోయేసరికి పద్నాలుగు గుట్టల అనుభవమూ దాంతోపాటే పోయింది.

"ఎట్లయ్యా ఇప్పుడు?"

"నా ఎనక రాండ్రి సార్," అన్నాడు బాలకృష్ణ.

ఈసారి అతనే ముందు నడిచాడు. ఎక్కడా ఆగలేదు. ఎవర్నీ అడగలేదు. చీలికలన్నీ చకచకా దాటించి, వెలుతురు ఉండగానే అందర్నీ కిందికి చేర్చాడు.

ఉదయ్ భాస్కర్ పుస్తకంలో పేజీ నిండా రాశాడు. "ఈ గుట్ట ఇతనికి కొట్టిన పిండి. అయినా ఎక్కేటప్పుడు మా అనుభవాన్ని గౌరవించి దారి మమ్మల్నే చెప్పనిచ్చాడు. ఇలాంటి గైడును పద్నాలుగు గుట్టల్లో చూడలేదు." మేడం చదివి, గుర్తింపు కార్డు బాలకృష్ణ మెడలో వేసింది.

అతను ఇంటికి ఉరికాడు. వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్న శ్యామల లేచి వచ్చి, కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమెకు నవ్వు ఆగలేదు.

"ఏం గైడ్ సారూ, కల్లూరు నుంచి మా ఇంటికి ఇల్లరికం వచ్చి నెల గాలే, పుట్టి బుద్ధెరిగి ఇయ్యాలే గుట్ట ఎక్కినవ్, దారి గుర్తుకని నా ఎర్ర చీర మొత్తం చింపి కట్టినవా, జెరంతన్న మిగిలిందా?"