చనువు అనుకున్న మాట

ఆ యూనివర్సిటీలో మౌఖిక పరీక్షలు పెట్టేది యంత్రమే. పాత ప్రొఫెసర్ల రికార్డింగులు విని మాట నేర్చింది. ఇంటిపేరు చదవగానే సలోమిని "నువ్వు చెప్పు" అనేది. చనువు కాబోలని పిచ్చిపిల్ల మురిసిపోయింది. ప్రతిసారీ అత్తెసరు మార్కులే వస్తే తప్పు తనదే అనుకుంది.

హాస్టల్ మేడ మీద బట్టలు ఆరేస్తూ ఆ ముచ్చట చెబితే, రూమ్మేటు శ్రీలత చెయ్యి ఆగిపోయింది.

"మమ్మల్నందర్నీ మీరు అంటుంది కదే! అది చనువు కాదు, వివక్ష. సమాన అవకాశాల విభాగానికి పోదాం పద."

శ్రీలత బయటే ఆగింది. లోపల యంత్రం లేదు, కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ ఉంది. సలోమి ఇచ్చిన ఫిర్యాదు చదివి ఆవిడ కలం తీసింది.

"పాత పరీక్షలన్నీ తెప్పించి, మార్కులు మళ్లీ వేయిస్తాం. ముందుగా, జరిగింది మీరు చెప్పండమ్మా."

ఎవరితో అంటోందోనని సలోమి వెనక్కి తిరిగి చూసింది.