రెండు బోల్టులు

"తమ్మీ, నేను గూడ కార్లనే ఉన్న. గజ్వేల్ల చిన్నమ్మ ఇంటికి పోతున్నం. మీ బావ తనంతట తనే ఎక్కమన్నడు" అంది రోజారాణి ఫోన్లో.

ఐలేష్ చేతిలోని పానా జారి కింద పడింది.

"అక్కా, కారు ఆపమను. ఇప్పుడే ఆపమను!"

అవతల గాలి హోరు. మాట తెగిపోయింది. మళ్ళీ మళ్ళీ చేశాడు. ఫోను కలవలేదు. బావ ఫోనూ కలవలేదు.

ఆ పొద్దున్నే బావ శ్రీశైలం మేడ్చల్లోని ఐలేష్ షెడ్డుకు కారు తెచ్చాడు. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి. "గజ్వేల్ పోవాలె, ఒక్కణ్నే. జల్దీ కానియ్" అని తాళం చెవి బల్ల మీద గిరాటేసి టీకి వెళ్ళాడు. ఐలేష్ కొత్త ప్యాడ్లు వేశాడు. చక్రాలు ఎక్కించాడు. బావ వచ్చి కారు తీసుకుపోయాడు.

ముందు ఎడమ చక్రం దగ్గర, ప్యాడ్లను బిగబట్టే బ్రేకు క్యాలిపర్‌ను కదలకుండా పట్టి ఉంచే రెండు బోల్టులు గట్టిగా లేవు. ఆ సంగతి ఐలేష్‌కు తప్ప ఇంకెవరికీ తెలియదు.

"ఏమైందిరా, గట్ల సెమటలు పట్టినయ్?" పక్కన పెయింటు పని చేస్తున్న బక్కయ్య అడిగాడు.

"బావ కారు... బోల్టులు వదులున్నయి. నీ బండి తాళం ఇయ్యి."

బక్కయ్య నోరు తెరిచాడు. "నువ్వా? సరిపోను బిగిసిందని టార్క్ రెంచి టక్కుమననిదే సక్రం ఎక్కియ్యనోడివి, నువ్వు మర్సిపోయినవా?"

 ఐలేష్ టార్క్ రెంచి, పానాలు, కొత్త బోల్టులు సంచిలో వేసుకుని బండెక్కాడు.

శామీర్‌పేట రోడ్డంతా కంకర టిప్పర్లే. గుంత వచ్చిన ప్రతిసారీ అతనికి ఆ ఎడమ చక్రమే గుర్తొచ్చింది. ఆ కారు కూడా ఈ గుంతలన్నీ దాటుకుంటూనే పోయి ఉంటుంది. కుదుపు కుదుపుకీ బోల్టు ఒక్కో మర వదులుకుంటూ బయటికి వచ్చేస్తుంది. తర్వాత క్యాలిపర్ పైకి లేచి చక్రానికి తగులుతుంది. ఆ పైన బ్రేకు తొక్కితే కాలు నేలదాకా పోతుంది. "చేత్తో తిప్పి వదిలేస్తే నడవదు. కొలత ప్రకారం బిగియ్యాలె, పానంతో పని" అని ఎందరికి చెప్పాడో. 

రోడ్డు పక్కన ఎక్కడ గుంపు కనపడినా బండి నెమ్మది చేసి చూశాడు. ఒకచోట జామకాయల బండి. ఇంకోచోట బస్సు కోసం నిలబడ్డ జనం. 'అక్కకు ఏమన్నా అయితే నేనే చంపినట్టు' అనుకున్నాడు. ఆ మాట అనుకున్నాక కళ్ళు మసకబారాయి.

శామీర్‌పేట దాటి కరీంనగర్ రోడ్డెక్కాక తెల్లకారు కనపడింది. హారన్ మీద నుంచి వేలు తీయకుండా, చెయ్యి ఊపుతూ, దాని ముందుకు వెళ్ళాడు. కారు కీచుమని అరిచి, ఎడమకు గుంజుకుపోయి, మట్టిలోకి దిగి ఆగింది.

ఐలేష్ కారులోని జాకీ తీసి పెట్టి చక్రం విప్పాడు. ఒక బోల్టు లేనే లేదు. రెండోది చివరి మర మీద వేలాడుతోంది. కొత్తవి పెట్టి బిగించాడు. టార్క్ రెంచి టక్కుమంది. నమ్మకం చాలక ఇంకోసారి చూశాడు.

"తప్పు నాదే బావా" అన్నాడు ఏడుస్తూ, తల వంచుకుని. "ఈ బోల్టులు గట్టిగ లేకుండె."

చెంప పగులుతుందనుకున్నాడు. పగిలినా బాగుండు అనుకున్నాడు. శ్రీశైలం ఊడిన బోల్టు ఉండాల్సిన చోటు చూశాడు, పక్కనుంచి దూసుకుపోతున్న లారీని చూశాడు.  బావమరిది రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఇంకొకడైతే సప్పుడు జెయ్యకుంట కూసుంటుండె. నువ్వు ఇంత దూరం ఉరికొచ్చి పానం కాపాడినవ్. తప్పు ఒప్పుకునే మనిషి ఎక్కడుంటడు బామ్మర్ది, ఈ కాలంల!"

ఆ చేతుల్లోంచి తన చేతులు ఎలా విడిపించుకోవాలో ఐలేష్‌కు తెలియలేదు.

శ్రీశైలం నీళ్ళ సీసా కోసం ఎదురుగా ఉన్న కొట్టుకు వెళ్ళాడు. రోజారాణి దగ్గరికి వచ్చింది. గాలికి జారిన కొంగును గబుక్కున చెంప మీదికి లాక్కుంది.

"మర్సిపోవుడు ఎవలికైనా అయితది తమ్మీ. ఎందుకు గంత ఏడుస్తున్నవ్?"

ఐలేష్ మర్చిపోలేదు, పొద్దున ఆ బోల్టులను కొలత ప్రకారం బిగించాక, నిన్న బావ కొట్టిన దెబ్బకు వాచిన అక్క చెంప గుర్తొచ్చి, తన చేతులతోనే వాటిని మళ్ళీ వదులు చేశాడు.